నాలుగో రోజు చారు లేదు

పొట్లం మడత విప్పగానే వాసన గుప్పుమంది. వేయించిన పిప్పళ్ళు, మిరియాలు, వాటి వెనక ఎండబెట్టిన వెల్లుల్లి. మా ల్యాబులో స్పిరిట్ వాసన, రంగుల వాసన తప్ప ఇంకోటి ఉండదు. పాతికేళ్ళుగా వాటికే అలవాటు పడ్డ నా ముక్కు ఆ పూట నా మాట వినలేదు. నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళి, ఆమదాలవలసలో రైసుమిల్లు వెనక వీధిలో, ఒక వంటింటి గడప మీద కూర్చుంది.

నేను ప్రభుత్వాసుపత్రిలో ల్యాబు టెక్నీషియన్ని. దగ్గుతో వచ్చినవాళ్ళ కళ్ళె పరీక్ష చేయడం నా పని. వినడానికే అసహ్యమని మా చుట్టాలు భోజనాల దగ్గర నా ఉద్యోగం ఊసెత్తరు. ఆ రోజు వచ్చినామె పేరు సత్యవతి. శ్రీకూర్మం దగ్గర పల్లెటూరు, ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టుకుంటుంది. ఏడేళ్ళ కూతురు ఆమె కొంగు పట్టుకుని నిలబడింది. ఎన్నాళ్ళ నుంచి దగ్గు అని అడిగితే సత్యవతి పది రోజులంది. పది రోజుల దగ్గుకు మెడ కింద ఎముకలు అలా తేలవు. ఏం మందు వాడావని అడిగితే సంచీలోంచి పొట్లం తీసి విప్పి చూపించింది. నాటు మందనీ, ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయని వాళ్ళత్త ఇదే తాగమంటోందనీ చెప్పింది. చెప్తూ చెప్తూ రెండుసార్లు ఆగి దగ్గింది.

పొట్లం మీద మా పైడత్త ఉంది. పొయ్యి ముందు కూర్చుని, చేత్తో గరిట పట్టుకుని, కెమెరాను నమ్మనట్టు చూస్తూ. బామ్మలా కనబడాలని కాబోలు జుట్టుకు తెల్లరంగు పూశారు. తల వెనక దేవుడి పటాల్లో పెట్టినట్టు పసుప్పచ్చ వెలుగు ఒకటి పెట్టారు. కింద పెద్దక్షరాలతో ‘పైడమ్మ దగ్గు చారు పొడి. ఎన్నాళ్ళ దగ్గయినా సరే!’ అని ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పైడత్తను ఎరిగినవాళ్ళు ఎవరైనా ఆ ఒక్క మాట చదివితే పొట్లం చింపి పొయ్యిలో పడేస్తారు. ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

పైడత్త మాకు రక్తసంబంధం కాదు. మా నాన్న ఆమెను అప్పా, అంటే అక్కా, అని పిలిచేవాడు కాబట్టి నాకు అత్త అయింది. మిల్లులో బస్తాలు మోసే కళాసీలకు మధ్యాహ్నం భోజనం వండిపెట్టి బతికేది. పాత బియ్యం అన్నం, ఉలవకట్టు, మెత్తళ్ళనే చిన్న చేపల పులుసు, ఉన్ననాడు మునగాకు వేపుడు. ఆమె వంటలో మూడు కూరలుండేవి కావు, ఉన్న ఒక్కటి మాత్రం కంచం నాకించేది. మా వీధి మీద ఏడాదంతా ఊక పొగలా తేలుతూ ఉండేది. ఇల్లిల్లూ దగ్గేది. దగ్గిన ప్రతివాడూ పైడత్త గడప దగ్గరకే వచ్చేవాడు.

ఆమె చారు చేసే పద్ధతి చెప్పాలి. ఉలవలు ఉడికించిన నీళ్ళు వార్చుకుని, అందులో చింతపండు పిసికి, పిప్పళ్ళు, మిరియాలు, జీలకర్ర, ధనియాలు అప్పటికప్పుడు కల్వంలో దంచి వేసేది. వెల్లుల్లి పొట్టుతోనే చితక్కొట్టి వేసేది. పిప్పళ్ళు కోమటి కొట్లోవి పనికిరావు, శృంగవరపుకోట సంతలోవే కావాలి. ఆ వైపు నుంచి వచ్చిన కళాసీ ఒకడు ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆమెకు మూట కట్టి తెచ్చేవాడు. మట్టి పిడతలో మూడు పొంగులు రానిచ్చి దించేది. ఇక అసలు సంగతి, ఆ చారు ఇంటికి పట్టుకెళ్ళనిచ్చేది కాదు. ఎంతటివాళ్ళయినా వచ్చి ఆమె ఎదురుగా పీట మీద కూర్చుని తాగాలి. తాగుతుంటే ఆమె చెవి ఒగ్గి దగ్గు వినేది. పొడి దగ్గో, కళ్ళె దగ్గో, గొంతులోదో, రొమ్ములోదో. తాగడం అయ్యాక పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసి, ఆ మనిషి కూర్చున్న చోట గోడ మీద ఒక నిలువు గీత గీసేది. రెండో రోజు రెండోది. మూడో రోజు మూడోది. దగ్గు తగ్గితే తడిగుడ్డ పెట్టి గీతలు తుడిచేసేది. తగ్గకపోతే నాలుగో రోజు పీట వేసేది కాదు.

“మూడ్రోజులు నా పొయ్యి సూసినాది. ఇంక డాట్రు సూడాల. నాలుగో రోజు సారు నేదు,” అనేది. బతిమాలినా అంతే, తిట్టినా అంతే. పసిపిల్లలకైతే ఆ మూడు రోజులు కూడా లేవు, మొదటి రోజే ఆసుపత్రికి తోలేసేది. మూడు రోజులన్నది డాక్టర్ల మాట కాదు, దగ్గు రెండు వారాలు దాటితే పరీక్షకు రమ్మని మా ఆసుపత్రి మాట. ఆమె మాట మా మాటకన్నా గట్టిది.

మా నాన్నకు స్టేషను రోడ్డులో ఫోటో స్టూడియో ఉండేది. చీకటి గదిలో మందునీళ్ళ మధ్య పని. దగ్గు మొదలైనప్పుడు ఆ మందునీళ్ళ ఘాటేనన్నాడు. నాకప్పుడు పదేళ్ళు. నాన్నకు పైడత్త చారు మీద ఎంత నమ్మకమో, ఆసుపత్రి అంటే అంత భయం. అందుకని ఒక తెలివి కనిపెట్టాడు. రెండు రోజులు వెళ్ళి చారు తాగేవాడు. మూడో రోజు మొహం చాటేసేవాడు. ఆ మర్నాడు వెళ్ళి, ఆ దగ్గు తగ్గిపోయిందప్పా, ఇది కొత్తది అనేవాడు. పైడత్త పాత గీతలు తుడిచి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. మా వీధిలో ఈ తెలివి మా నాన్నొక్కడిదే కాదని తర్వాత తెలిసింది. చారు మానలేక, ఆసుపత్రి గడప తొక్కలేక, ఆమె గీతలను మోసం చేసినవాళ్ళు ఇంకా ఉన్నారట. గోడను మోసం చేస్తే రొమ్ము ఊరుకుంటుందా?

ఆమె అంత అమాయకురాలేం కాదు. మిల్లు ఇంజను చప్పుడులో ఎవరి దగ్గూ వీధి దాటి వినబడదు కాబట్టి నన్ను అడిగేది. ఒలే గుంటా, నిన్న మీ నాన్న దగ్గినాడేటి అని. మా వైపు ఆడపిల్లను గుంట అంటారు. నాన్న నాకు ముందే చెప్పి పెట్టేవాడు. లేదత్తా, దగ్గలేదు అన్నాను. అలా ఒకసారి కాదు, రెండుసార్లు. నాన్న ఆ రెండుసార్లూ నా తల నిమిరి, స్టూడియోలో రంగు పెన్సిళ్ళు ఇచ్చాడు. ఇప్పటికీ ఎవరైనా పిల్లల చేత అబద్ధం ఆడించి ముద్దు చేస్తుంటే చూడలేను, అక్కడే కడిగేస్తాను. మా ఆసుపత్రిలో నాకు నోటిదురుసు మనిషినని పేరు. ఉండనివ్వండి.

అలా మూడోసారి కొత్త దగ్గని వెళ్ళినప్పుడు నాన్న పీట మీద కూర్చుని వేడి గ్లాసు ఊదుకుంటున్నాడు. పైడత్త గీత గీయడానికి బొగ్గు తీసింది. తీసి, గోడ వైపే చూస్తూ నన్ను అదే ప్రశ్న అడిగింది. ఆ ముందురోజు నాన్న రుమాలు మడతలో సన్నటి ఎర్రచార చూశాను నేను. అది ఏమిటో తెలియకపోయినా భయం మాత్రం తెలిసింది.

“రోజూ దగ్గుతున్నాడత్తా,” అన్నాను. “ఒక్కరోజు కూడా ఆగలేదు.”

పైడత్త నాన్న చేతిలోంచి గ్లాసు తీసుకుంది. ఉప్పు రాయి కూడా వృథా చేయని మనిషి, పెరట్లోకి వెళ్ళి ఆ చారు అరటి మొక్క మొదట్లో పారబోసి వచ్చింది. బొగ్గుతో గోడ మీద మూడు గీతలూ ఒకేసారి గీసింది. గట్టిగా, బొగ్గు విరిగేలా గీసింది. “ఇవి నీయే తమ్ముడా. ఇంక నా పొయ్యి మీద నీకు సారు నేదు,” అంది. నాన్న లేచి నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. దీని నోట్లో నువ్వుగింజ నానదు అని అమ్మ నన్ను తిట్టింది.

అమ్మ తిట్టి ఊరుకోలేదు, పైడత్త మీదకు వెళ్ళింది. వీధంతా పోగైంది. రోగం ఉన్నా లేకపోయినా, టీబీ అన్న మాట బయటికి పొక్కితే స్టూడియో గుమ్మం ఎవరు తొక్కుతారన్నది అమ్మ భయం. ఆ భయం మాత్రం అబద్ధం కాదు. కానీ వీధివాళ్ళకేం నొప్పి? ఆమె చేతి చారు తాగి బాగుపడ్డవాళ్ళే ఆమెను మాటలన్నారు. మనిషికి గుక్కెడు చారు పోయని పాపిష్టిది అన్నారు. కడుపులో మంట పెట్టుకుని తమ్ముడిని రోగిష్టివాడిని చేస్తోందన్నారు. ఒక పెద్దమనిషి, గోడ మీద గీతలు గీయడం చేతబడి అని కూడా సెలవిచ్చాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. పనికొచ్చినన్నాళ్ళూ కోసుకుని, ఒకరోజు కాయ ఇవ్వనంటే గొడ్డలి పట్టుకొచ్చే జనం గురించి సామెత ఎవరూ కట్టలేదు.

పైడత్త అన్నీ విని, అమ్మ ముందుకొచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

“నా పెనిమిటి ఎలగ పోనాడో నీకు తెల్దు. కోతల కాడ్నించి మూడు నెల్లు ఈ సేత్తోనే సారు తాగించినాను. తాగినప్పుడల్లా తగ్గీది. తగ్గింది, తగ్గిందని నాను మురిసిపోనాను. ఆస్పత్రికి ఎల్తానంటే, ఎందుకూ నా సారుండగ అన్నాను. నా సారే మా ఇంటాయన్ని సంపీసినాది. నీ ఇంటాయన్ని సంపమంటావేటి, సెప్పు.”

అమ్మ వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసింది. వీధి కూడా ఒక్కొక్కరుగా జారుకుంది. అప్పటివరకు ఆమె భర్త ఏదో జ్వరమొచ్చి పోయాడనే మా అందరి ఎరుక. ఆ మూడు గీతలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ రోజు నాకు తెలిసింది.

మర్నాడు ఉదయమే పైడత్త క్యారియరులో అన్నం సర్దుకుని వచ్చింది. కళాసీలకు వండటం మానేసింది ఆ ఒక్కరోజే. నాన్నను, నన్ను బస్సెక్కించి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. కళ్ళె తీసుకున్నారు, రొమ్ముకు ఎక్స్‌రే తీశారు. ఇన్నాళ్ళూ ఊరందరి ఫోటోలూ నేను తీస్తే, నా లోపలి ఫోటో ఇవాళ తీశారప్పా అని నాన్న నవ్వబోయి దగ్గాడు. అక్కడ ఒక గదిలో తెల్లకోటు వేసుకున్నావిడ మైక్రోస్కోపులో తల పెట్టి చూస్తోంది. పైడత్త కిటికీ ఊచలు పట్టుకుని, ఆవిడ తల ఎత్తేవరకు అక్కడే నిలబడింది. ఆ సూడ్డం నేర్సుకోవే గుంటా, నా సెవికి అందనిది ఆవిడ కంటికి అందుతాది అంది నాతో. నేను ఈ ఉద్యోగంలో ఉండటానికి ఇంతకు మించిన కారణం లేదు.

టీబీయే అని తేలింది. ఆసుపత్రి అరుగు మీద, వేపచెట్టు కింద క్యారియరు విప్పింది పైడత్త. మా ఇళ్ళల్లో మగవాళ్ళకు వడ్డించాకే పిల్లలకు పెట్టేవారు. ఆమె మెత్తటి అన్నంలో ఉలవకట్టు పోసి, వెల్లుల్లి కారం, నువ్వుల నూనె వేసి కలిపి, మొదటి ముద్ద నా చేతిలో పెట్టింది. నాన్న వైపు చూస్తూ, “నిజం సెప్పిన నోటికి ముందెట్టాల,” అంది. నాన్న తల దించుకున్నాడు. రెండో ముద్ద ఆయనకు పెట్టింది.

మందులు ఎనిమిది నెలలు నడిచాయి. మొదట ఇంజెక్షన్లు, తర్వాత గుప్పెడు మాత్రలు. మాత్రలు మింగితే నాన్నకు కడుపులో తిప్పేది. రెండో నెలలో దగ్గు తగ్గగానే ఇక మందులు చాలన్నాడు, చారు పొయ్యప్పా అన్నాడు. చారు పోసింది, మాత్ర మింగాకే. పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి జావ, మధ్యాహ్నం గుడ్డు, సాయంత్రం నువ్వుండ. మందు పని మందు సేస్తాది, కూడు పని కూడు సేస్తాది, ఒకదాని పని ఇంకోటి సెయ్యదు అని రోజూ ఒకే పాట పాడేది. టీబీ వాడికి వండుతోందని కళాసీల్లో సగంమంది ఆమె దగ్గర తినడం మానేశారు. ఆమె ఒక పూట తిని ఒక పూట మానింది. ఈ సంగతి కూడా మాకు ఆలస్యంగానే తెలిసింది, ఆమె నోటి నుంచి కాదు.

మందులు పూర్తయిన రోజు నాన్న కెమెరా పట్టుకుని ఆమె వంటింటికి వెళ్ళాడు. ఫోటో అంటే ఆమెకు చెడ్డ సిగ్గు. ఉండు, గోడ మసిగా ఉన్నాది, ఆ గీతలు తుడిసి కూకుంటాను అంది. నాన్న ఒప్పుకోలేదు.

“వాటిని ముట్టుకోకప్పా. అవి లేకపోతే నాను లేను,” అన్నాడు.

అలా తీసిందే ఆ ఫోటో. గరిట చేత్తో పట్టుకున్న పైడత్త, ఆమె తల వెనక మసిపట్టిన గోడ, గోడ మీద మూడు బొగ్గు గీతలు. ఒక ప్రతి పటం కట్టించి ఆమెకిచ్చాడు, ఒకటి మా ఇంట్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బతికాడు.

నేను చదువుకుని ఉద్యోగంలో చేరాక, ఒకరోజు పైడత్త మా ల్యాబు గుమ్మంలో ప్రత్యక్షమైంది. నాలుగు రోజులుగా దగ్గట. తనకు తానే గీతలు గీసుకుందట. ఎవరినీ తోడు తెచ్చుకోకుండా రెండు బస్సులు మారి వచ్చింది. డబ్బా ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, ఏటే, నా కళ్ళె నువ్వే సూస్తావా, ఎంత సదువు సదివినావే తల్లీ అని నవ్వింది. ఏమీ లేదని చెప్పేవరకు బల్ల మీద కూర్చుని, పక్కన దగ్గుతున్న ప్రతివాడినీ ఎన్నో రోజని అడిగింది. మా డాక్టరుగారు ఈవిడెవరని నన్నడిగారు. మా పెద్ద డాక్టరండి అన్నాను. ఆ తర్వాత చాలా ఏళ్ళకు, ముసలితనంతో, అన్నం తిని చెయ్యి కడుక్కుని పడుకుని పోయింది. దగ్గుతో పోలేదు. ఆ మాట నొక్కి చెప్తున్నాను.

ఇప్పుడు ఆ పొట్లం సంగతికి వస్తాను. మైక్రోస్కోపు కింద సత్యవతి కళ్ళెలో నీలం మీద ఎర్రటి సన్నని గీతలు, అంటే టీబీ క్రిములు, కుప్పలుగా కనిపించాయి. ఆ ఆదివారం నేను ఆమదాలవలస వెళ్ళాను. పొడి అమ్ముతున్నది పైడత్త కొడుకు కొడుకు సూరిబాబు. చిన్నప్పటి నుంచి తల్లి వైపు వాళ్ళ ఊళ్ళో పెరిగినవాడు. చెడ్డవాడేం కాదు, పిన్నీ అని కుర్చీ వేశాడు, వాళ్ళ పొడితో చారు కాచి ఇప్పించాడు. గుక్క తాగి పక్కన పెట్టాను. ఉలవకట్టు లేదు, చింతపండు లేదు, దాల్చినచెక్క ఒకటి తగలేశారు. అది పోనీ అనుకుని, పొట్లం మీద ఫోటో చూపించి, ఇక్కడ గోడ మీద గీతలుండాలి, ఏవిరా అని అడిగాను.

“అవా పిన్నీ, గోడ మీద మరకలు. బొమ్మ సేసిన కుర్రోడు తుడిసీసినాడు, నీటుగా కనబడాలని.”

మీ తాత ఎలా పోయాడో తెలుసా అన్నాను. దగ్గొచ్చి పోనాడంటారు అన్నాడు. చుట్టూ ఎన్నాళ్ళ దగ్గయినా సరే అని రాసిన పొట్లాల గుట్టల మధ్య నిలబడి, ఎంత తేలిగ్గా అన్నాడో. అప్పుడు నా సంచీలోంచి మా ఇంటి పటం తీసి అతని ముందు పెట్టాను. గోడ గురించి, మా నాన్న గురించి, వాళ్ళ తాత గురించి, మొదటి నుంచి చివరి వరకు చెప్పాను. ఆమె వంట అమ్ముకో, ఆమె పేరు పెట్టుకో, నేను అడ్డం రాను, కానీ ఆమె చెప్పిన మూడు రోజుల మాట రాసి అమ్ము అన్నాను. సూరిబాబు పటం చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత మెల్లగా, మూడ్రోజులే తాగండి అని రాస్తే ఎవడు కొంటాడు పిన్నీ అన్నాడు.

వాడికి ఒకటే చెప్పాను. “మీ నాయనమ్మ రాసింది. ఊరంతా తిడుతున్నా రాసింది. నువ్వు తుడిపించావు.”

ఆలోచిస్తానన్నాడు. నెలలు గడిచాయి. కొత్త పొట్లాలు వచ్చాయి, రంగు మారింది, మాట మారలేదు. నేను పై అధికారులకు అర్జీ రాశాను. పరిశీలిస్తామని జవాబు వచ్చింది. నా చిరాకు చూసి మా ఇంట్లోవాళ్ళు, నీకెందుకమ్మా, కొనేవాళ్ళకు లేని బాధ అంటారు. నాకు కాక ఇంకెవరికి బాధ? చేతులారా ఒక మనిషిని పోగొట్టుకుని, ఆ తప్పును జీవితాంతం గోడ మీద రాసుకుని బతికిన మనిషి మొహం అతికించి, అదే తప్పును పొట్లాలు కట్టి ఇంటింటికీ పంపుతుంటే, చూస్తూ ఊరుకోమంటారా?

ఊరుకోలేదు. ఇప్పుడు ఎవరు ఆ పొట్లం పట్టుకుని మా దగ్గరకు వచ్చినా, నా జేబులోంచి నల్ల మార్కరు తీస్తాను. పైడత్త తల వెనక ఆ శుభ్రమైన గోడ మీద మూడు నిలువు గీతలు గీస్తాను. గట్టిగానే గీస్తాను. మూడు రోజులకు తగ్గకపోతే ఈమె నాలుగో రోజు చారు పోసేది కాదు అని చెప్పి, పొట్లం వాళ్ళకే తిరిగి ఇచ్చి, రెండో చేతిలో కళ్ళె డబ్బా పెడతాను. వీధిలో ఇంకెవరైనా దగ్గుతుంటే ఇది చూపించమంటాను. అలా గీసిన మొదటి పొట్లం సత్యవతిదే. ఆమె ఇప్పుడు మందులు మింగుతోంది. రెండో నెల పరీక్షలో ఏమీ కనిపించలేదు. మొహానికి కాస్త కండ వచ్చింది.

ఆమె మొదటిసారి వచ్చిన ఆ రోజు గురించి ఒక మాట చెప్పడం మిగిలింది. పది రోజుల దగ్గని ఆమె అన్నప్పుడు, కొంగు పట్టుకున్న ఆ పిల్ల నేల చూపులు చూసింది. ఆ చూపు నేను ఎక్కడైనా గుర్తుపడతాను. పెద్దవాళ్ళను అడగడం ఆపి, వంగి ఆ పిల్లనే అడిగాను, అమ్మకు ఎప్పటి నుంచి దగ్గమ్మా అని. పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి కళ్ళు పెద్దవి చేసింది.

“బడి తెరిసినకాడ్నించి,” అంది పిల్ల.

బడి తెరిచి అప్పటికి మూడో నెల. సత్యవతి చెయ్యి ఎత్తబోయింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. ల్యాబులో తిండి పెట్టకూడదు కాబట్టి పిల్లను వరండాలోకి తీసుకెళ్ళి, నా భోజనం సంచీలో ఎప్పుడూ ఉండే డబ్బా తెరిచి, నువ్వుండ తీసి చేతిలో పెట్టాను. అది తినకుండా తల్లి కోసం పక్కకు పెట్టబోయింది.

“అమ్మకు తర్వాత ఇద్దాం,” అన్నాను. “ముందు నువ్వు తిను.”